ఎగిరే వేళ, దిగే వేళ: శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి

దుబాయ్ నుంచి హైదరాబాద్ మీదుగా వస్తున్న బావను తీసుకురావడానికి మావయ్య ముందురోజు సాయంత్రమే కవిటి నుంచి శ్రీకాకుళంలోని మా ఇంటికి వచ్చేశారు. విశాఖ విమానాశ్రయం మాకు వంద కిలోమీటర్ల పైమాటే కనుక, ఎప్పుడు బయలుదేరాలో తేల్చుకోవడానికి ఫోన్‌లో విమానం జాడ చూపే యాప్‌నే నమ్ముకున్నాం.

అందులో ఎస్‌టీడీ, ఎస్‌టీఏ అన్నవి విమానం బయలుదేరడానికి, చేరడానికి ముందుగా నిర్ణయించిన వేళలు. ఈటీడీ, ఈటీఏ అంచనాలు. పరిస్థితిని బట్టి మారుతూనే ఉంటాయి. ఏటీడీ, ఏటీఏ నిజంగా జరిగిన వేళలు. ఇంతవరకూ తేలికే. చిక్కంతా అంకె పక్కన ఉండే ‘జెడ్’ అక్షరంతోనే వస్తుంది. అది ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక కాలమైన యూటీసీకి గుర్తు. మన గడియారం దానికి 5:30 గంటలు ముందుంటుంది, దుబాయ్ గడియారం 4 గంటలు. దుబాయ్‌లో రాత్రి 10 గంటలకు కదలవలసిన విమానం అందుకే 18:00 అని కనిపించింది. హైదరాబాద్ చేరే వేళ 21:30 అని ఉంటే మావయ్య కంగారుపడ్డారు కానీ, మన లెక్కలో అది తెల్లవారుజామున 3 గంటలు, తేదీ కూడా మరుసటి రోజుదే.

మేము రణస్థలం దాటుతుండగా హైదరాబాద్–విశాఖ విమానానికి ఏటీడీ పడింది.

"బయల్దేరిందంటున్నావు, ఎగిరిందేటిరా?" అని మావయ్య వెంటనే అడిగారు.

అడగవలసిన ప్రశ్న అదే. గేటు (ప్రయాణికులు ఎక్కి దిగేందుకు విమానం ఆగే చోటు) వదలడం, నేల విడవడం, నేల తాకడం, గేటు చేరడం అనే నాలుగు ఘట్టాలనూ విమానయాన సంస్థలు విడివిడిగా నమోదు చేస్తాయి. ఎస్‌టీడీ సాధారణంగా గేటు వదలవలసిన వేళ. ఏటీడీని మాత్రం కొందరు గేటు వదిలిన క్షణానికి, కొందరు రన్‌వే విడిచిన క్షణానికి వాడతారు. అందుకే నేను ఆ అంకె మీద ఆధారపడకుండా మ్యాప్‌లో విమానం ఎత్తు పెరుగుతోందా అని చూశాను. పెరుగుతోంది. తగరపువలస దగ్గరకు వచ్చేసరికి ఈటీఏ, ఎస్‌టీఏ కన్నా ముందుకు జరిగింది. విమానం తానే ప్రసారం చేసే స్థానం, వేగం ఆధారంగా ఆ అంచనాను సవరిస్తారు కనుక గాలిలో ఉన్నంతసేపూ ఈటీఏనే చూడటం మంచిది.

‘ల్యాండెడ్’ అని రాగానే మావయ్య బయటి ద్వారం దగ్గర నిలబడ్డారు. కానీ విమానం గేటు చేరాలి, తలుపు తెరవాలి, సామాను బెల్టు మీదికి రావాలి. బావ బయటికి వచ్చేవరకూ ఆయన అక్కడి నుంచి కదలలేదు.

తిరుగుదారిలో మావయ్య బావ తిరుగు టికెట్ కూడా నా చేత చదివించుకున్నారు. టికెట్ మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే ఉంటుంది. హైదరాబాద్‌లో 10 గంటలకు బయలుదేరి దుబాయ్‌లో 12:30కి దిగితే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు.