పెరంబూరులో ఆదివారం పంచాయితీ

మద్రాసు వెళ్ళే మనవాళ్ళు పట్టుచీరలకో, కళ్ళ ఆసుపత్రికో వెళ్తారు. ఈ ధనుర్మాసంలో నేను వెళ్ళింది ఫోటోల కోసం, ఇంకా నిజం చెప్పాలంటే ఆ ఫోటోలు చూపించి తిట్లు తినడం కోసం. మా ఆవిడకి కెమెరా గొడవ పట్టదు. పెరంబూరులో అక్కగారిల్లు ఉంది కాబట్టి బయల్దేరింది. ఆ అక్కగారి భర్త, మా తోడల్లుడు, ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలు తయారుచేసి రిటైరయ్యారు. ఇప్పుడు కెమెరా మెడలో వేసుకుని ఊరంతా తిరుగుతుంటారు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను. ఫోటోల విషయంలో మాత్రం గురువుగారూ అనాలి.

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం. ప్రయాణం గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు.

మర్నాడు శుక్రవారం, ఎగ్మూరు మ్యూజియానికి సెలవు. అందుకని తెల్లారకముందే మైలాపూరు బయల్దేరదీశారు. టాక్సీలో ఏసీ వేయనివ్వలేదు. చల్లటి కారులోంచి సముద్రపు చెమ్మలోకి దిగితే లెన్సుకి ఆవిరి పడుతుంది, అది వదిలేలోపు వెలుతురు మారిపోతుందట. మాడవీధుల్లో అప్పటికే ఆడవాళ్ళు చుక్కలు పెడుతున్నారు. వాళ్ళది మార్గళి, మనది ధనుర్మాసం, ముగ్గులకి మాత్రం తేడా ఏం కనపడదు. పూర్తయిన ముగ్గుల్ని నిలబడి పైనుంచి తీస్తున్నాను. వెనకనుంచి మా వదినగారు, "ముగ్గు రేపూ ఉంటుంది మరిదిగారూ, పిండి జారే చెయ్యి ఇప్పుడే ఉంటుంది" అన్నారు. ఈవిడ కెమెరా పట్టి ఎరగరు. అయినా ఆ ఇంట్లో అసలైన కన్ను ఆవిడదే.

కపాలీశ్వరుడి కోనేరు గుడికి పడమట ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు పడమటి గట్టు మీద నిలబడి గోపురం బొమ్మల రంగుల కోసం ఎదురుచూస్తుంటారు. సూర్యుడేమో గుడి వెనకనుంచి లేస్తాడు, గోపురం నల్లటి నీడబొమ్మ అవుతుంది. రంగులు కావాలంటే తూర్పు వీధికి పోవాలి, లేదంటే సాయంత్రం రావాలి. నాకు ఆ నీడబొమ్మే నచ్చింది, నీళ్ళలో దాని ప్రతిబింబంతో సహా తీశాను.

పొంగలీ కాఫీ అయ్యాక రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన చోటికి వెళ్ళాం. ఫోటో తీసేవాడికి అక్కడ పెద్దగా పనేం లేదు. అయినా తెలుగువాడు ఆ రోడ్డున పోతూ ఆగకుండా ఉండలేడు.

శనివారం కాసిమేడు రేవు. మంచుగడ్డలూ చేపల తళుకూ చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుంటుంది, ఫోటోని నల్లబరుస్తుంది. ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపు, మనమే పెంచుకోవాలి. వేలం పాట జోరులో ఒకావిడ నావైపు తిరిగి అరవంలో ఏదో గట్టిగా అంది. "ఫోటో తింటావా, వంజరం కొనుక్కో అంటోంది" అన్నారు అన్నయ్యగారు నవ్వుతూ. కొనుక్కుందునే, నెల పట్టిన ఇంట్లోకి చేప పట్టుకెళ్తే వదినగారు గుమ్మం దాటనిస్తారా?

ఆ మధ్యాహ్నమే మ్యూజియానికి వెళ్ళాం. మాది గుంటూరు. అమరావతి స్తూపం రాళ్ళలో చాలావాటిని చూడాలంటే గుంటూరు వాడు ఇక్కడికి రావాలి, లేదా లండను పోవాలి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ పలకలు మద్రాసు చేరాయి, తర్వాత చాలా భాగం ఓడెక్కి బ్రిటిష్ మ్యూజియానికి పోయింది. పోకముందే, 1858లో, కంపెనీ సైన్యంలో కెప్టెన్ లినియస్ ట్రైప్ వాటిని ఫోటోలు తీశాడు. ఈ సంగతి చెప్పి అన్నయ్యగారు, "అంటే ఈ రాళ్ళ ముందు నిలబడ్డ ఫోటోగ్రాఫర్లలో మనం చాలా ఆలస్యంగా వచ్చినవాళ్ళం" అన్నారు.

లేతరంగు పల్నాటి సున్నపురాయి అది. వెలుతురు ఎదురుగా పడితే చెక్కడం అంతా చదునైపోతుంది. పక్కనుంచి ఏటవాలుగా పడితేనే ముక్కూ చెవీ లేచి కనపడతాయి. అందుకని నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన పలక ముందు అటూ ఇటూ జరిగి చాలాసేపు వెతుక్కున్నాను. ఆ గుండ్రటి పలకలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒకచోట మదమెక్కి వీధిలో జనం మీద పడుతూ, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లి. మేడల మీదనుంచి ఆడవాళ్ళు చూస్తుంటారు. మన కెమెరా సెకనులో నూరోవంతు పట్టుకుని మురిసిపోతుంది, ఆ శిల్పి మాత్రం కథంతా ఒక్క చట్రంలో పెట్టేశాడు.

ఆదివారం సాయంత్రం అన్నయ్యగారి హాల్లో పంచాయితీ. అందరూ ఉద్యోగాలు చేసి దిగిపోయినవాళ్ళు: బ్యాంకాయన, లెక్కల మాస్టారు, ఎక్స్‌రే గదిలో పనిచేసినాయన, ఇంకొందరు. తలా మూడు ప్రింట్లే తేవాలి. ఫోనులో చూపించడం నిషేధం. ఫోటో తీసినవాడు అందరూ చెప్పడం అయ్యేదాకా నోరెత్తకూడదు. నన్నడిగితే ఈ మూడో నియమమే అసలు కష్టం. నా ఈడువాళ్ళు ఫోటో చూపిస్తూ దాని వెనక కథ చెప్పకుండా ఉండలేరు. చలిలో ఎన్నింటికి లేచామో, మోకాలు ఎంత నొప్పెట్టిందో ప్రింటులో కనపడదు కదా.

బ్యాంకాయన తన పాత ఫోటోలు తెచ్చారు. ఆయనకి ఈమధ్య శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్ళు తేటపడ్డాక చూసుకుంటే, కంప్యూటర్లో తను రంగులు దిద్దిన ఫోటోలన్నీ నీలంగా ఉన్నాయట. శుక్లం పసుపుపచ్చగా అడ్డం ఉన్నప్పుడు, ఆ పసుపు తగ్గించాలని నీలం పోస్తూ వచ్చారన్నమాట. ఎక్స్‌రే ఆయన తీరిగ్గా, "మాకు రంగుల గొడవే ఉండేది కాదండీ" అన్నారు.

నా గోపురాన్ని క్యాలెండరు బొమ్మ అని ఒక్క మాటలో తేల్చేశారు. చేపల వేలం ఫోటోకి ఎక్స్‌రే ఆయన ఎడంపక్క న్యూస్‌పేపరు అడ్డం పెట్టి, "ఇప్పుడు చూడండి" అన్నారు. నిజమే, పాట పాడేవాడి చెయ్యి ఒక్కసారిగా బతికింది. నలగిరి దగ్గర మాత్రం రెండు పార్టీలయ్యాయి. "ఇది శిల్పి బొమ్మ, మీరు తీసింది జిరాక్సు" అన్నారు మాస్టారు. వెలుతురు ఎంచుకున్నది ఫోటో తీసినవాడు కాదా అని అన్నయ్యగారు ట్రైప్‌ని సాక్ష్యానికి పిలిచారు. గొంతులు లేచాయి. కాఫీలు పట్టుకొచ్చిన వదినగారు ప్రింటు వంక కాసేపు చూసి, "ఏనుగుని ఆ శిల్పి ఎలాగూ చెక్కాడు. మేడ మీద ఆ ఆడపిల్లల మొహాలు మాత్రమే తీసుంటే, కింద ఏం జరిగిందో మేమే ఊహించుకునేవాళ్ళం" అన్నారు. మాస్టారు కూడా ఇంకేం అనలేకపోయారు.

సోమవారం మళ్ళీ మ్యూజియానికే. నా చేతులు ఇప్పుడు కాస్త వణుకుతాయి, అందుకని భుజం గోడకి ఆనించి, తక్కువ వెలుతురులోనూ ఫోటో పడేలా ఐఎస్ఓ పెంచి, ఊపిరి బిగబట్టి మేడ మీద మొహాలు తీశాను. స్టూడియోలో ప్రింటు వేయించి వదినగారి చేతికిచ్చి రైలెక్కాం. వచ్చే ఆదివారం దాన్ని హాల్లో పెడతారు. నేను గుంటూరులో ఉంటాను కాబట్టి మూడో నియమం ఈసారి నాకు తేలిగ్గానే గడుస్తుంది, ఫోను మా ఆవిడ దాచేస్తే.