కాలు బెణుకు దగ్గర నేను నేర్చుకున్నది

నేను అథ్లెటిక్ థెరపీ, అంటే ఆటగాళ్ల గాయాలు చూసి వాళ్లని మళ్లీ ఆటకి సిద్ధం చేసే పని, చదువుకున్నాను. మూడో సంవత్సరం ఫీల్డ్ శిక్షణలో నా చేతికి వచ్చిన మొదటి కేసు కాలు బెణుకు. కొంచెం నిరాశపడ్డాను. నా క్లాస్‌మేట్‌కి మోకాలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి కట్టి ఉంచే పట్టీ) ఆపరేషన్ అయిన ఫుట్‌బాల్ ప్లేయర్ వచ్చింది, ఆమెకి తొమ్మిది నెలల ప్లాన్ వేయాలి, వారం వారం కొలతలు తీయాలి. నాకేమో నెట్ దగ్గర పైకి ఎగిరి ఎదుటివాడి పాదం మీద దిగి కాలు మెలిక తిప్పుకున్న వాలీబాల్ కుర్రాడు. రెండు వారాల్లో అయిపోయే పని అనుకున్నాను. అథ్లెటిక్ థెరపీ అంటే ఏమిటో నాకు నేర్పింది మాత్రం ఆ కుర్రాడే, అందుకే ఈ కోర్సులో చేరాలనుకునేవాళ్లకి ముందు ఆ సంగతే చెప్పాలనిపించింది.

పాదం లోపలికి తిరిగినప్పుడు చీలమండ బయటివైపు, కాస్త ముందుకి ఉండే లిగమెంట్ మొదట సాగుతుంది లేదా చిరుగుతుంది. బెణుకుల్లో ఎక్కువ భాగం ఇక్కడే. కానీ గ్రౌండ్‌లో మన మొదటి ప్రశ్న లిగమెంట్ గురించి కాదు, ఎముక విరిగిందా లేదా అన్నది. దానికి 1992లో కెనడాలో ఇయాన్ స్టీల్ బృందం ఇచ్చిన ఒటావా రూల్స్ ఉన్నాయి. చీలమండకి రెండు వైపులా ఉండే ఎముకల చివరి 6 సెంటీమీటర్ల వెనక అంచు నొక్కి చూడాలి, పాదం బయటి అంచున చిటికెన వేలి ఎముక మొదలు నొక్కాలి, లోపలివైపు నావిక్యులర్ ఎముక నొక్కాలి, దెబ్బ తగిలిన వెంటనే గానీ, పరీక్ష చేసేటప్పుడు గానీ నాలుగు అడుగులు వేయగలిగాడా అని చూడాలి (కుంటుతూ వేసినా లెక్కలోకి వస్తుంది). ఇవన్నీ బాగుంటే ఎక్స్‌రే అవసరం చాలా అరుదు. ప్రాక్టికల్ పరీక్షలో ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పి మంచి మార్కులు తెచ్చుకున్నాను. గ్రౌండ్‌లో వాడు నొప్పితో అరుస్తుంటే, చుట్టూ టీమ్ అంతా నిలబడి చూస్తుంటే, చిటికెన వేలి ఎముక సంగతే మర్చిపోయాను. వెనక నుంచి మా సూపర్‌వైజర్ మేడమ్ మెల్లగా "బయటి అంచు నొక్కావా అమ్మా?" అన్నారు. అప్పుడు నొక్కాను. ఆ టెన్షన్ క్లాస్‌రూమ్‌లో రాదు, అందుకే ఫీల్డ్ గంటలు తప్పించుకోవద్దని జూనియర్లకి ఎప్పుడూ చెప్తాను.

ఇంకో సంగతి, లిగమెంట్ ఎంత తెగిందో మొదటి రోజే తేల్చేయాలని అందరూ తొందరపెడతారు. వాపు, నొప్పి ఉన్నప్పుడు కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి, మడమ పట్టుకుని ముందుకి లాగి చూసే పరీక్ష సరిగ్గా తెలియదు. నాలుగైదు రోజులాగి చేస్తే చాలా మెరుగ్గా తెలుస్తుంది. "ఆగండి, ఇప్పుడు చెప్పలేను" అని కోచ్‌కి చెప్పడం చదువుకునే పిల్లకి ఎంత కష్టమో!

ఐస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా క్లాసులో అందరికంటే గట్టిగా వాదించుకున్నది దాని మీదే. రెస్ట్, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం, వీటన్నిటికీ కలిపి, ఇంగ్లీషు మొదటి అక్షరాలతో, రైస్ (RICE) అనే పేరు 1978లో గేబ్ మిర్కిన్ అనే డాక్టర్ పెట్టారు. ముప్పై ఏళ్లకి పైగా గడిచాక, ఐస్ వల్ల గాయం మానడం ఆలస్యం కావొచ్చని ఆయనే రాశారు. 2012లో పూర్తి విశ్రాంతి బదులు కాలికి తగినంత బరువు, కదలిక ఇవ్వాలని పోలీస్ (POLICE) అనే పేరు వచ్చింది, 2019లో అలాంటిదే పీస్ అండ్ లవ్ (PEACE & LOVE) వచ్చింది, అందులో అసలు ఐసే లేదు. మొదటి రెండు మూడు రోజుల నొప్పికి ఐస్ పెడితే తప్పేం లేదని నా అభిప్రాయం, కానీ దానితో లిగమెంట్ మానుతుందని ఎవరికీ చెప్పను. తను పెట్టిన పేరుని తనే వెనక్కి తీసుకున్న మనిషంటే మాత్రం నాకు చాలా గౌరవం. మన సబ్జెక్టులో అలా ఉండగలగాలి.

ఇప్పుడు అసలు విషయం. పన్నెండో రోజుకి వాపు పోయింది. నేరుగా పరిగెత్తమంటే హాయిగా పరిగెత్తాడు. "అక్కా, నొప్పి లేదు, ఆడేస్తా" అన్నాడు, ఆ వారాంతంలో మ్యాచ్ ఉంది. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడమన్నాను. మంచి కాలి మీద బాగానే నిలబడ్డాడు, బెణికిన కాలి మీద నాలుగు సెకన్లకే రెండో పాదం కింద పెట్టేశాడు. అది నోట్స్‌లో రాశాను కూడా. రాశాను గానీ, దాన్ని పట్టుకుని "ఇంకా వద్దు" అని గట్టిగా అనలేదు, మేడమ్‌కి రిపోర్ట్ చేసేటప్పుడు నొప్పి లేదన్న మాట ముందు చెప్పి ఇది చివర్లో ఎక్కడో చెప్పాను. మూడు వారాల తర్వాత అదే కాలు, అదే వైపు, ఈసారి కింద ఎవరి పాదమూ లేదు, ఊరికే దిగితేనే మెలికపడింది. వాపు మొదటిసారి కంటే ఎక్కువ. వాడు నన్నేమీ అనలేదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఎందుకిలా అవుతుందో చెప్పే పేపర్ మాకు రెండో సంవత్సరంలోనే ఉంది, 1965లో ఫ్రీమన్, ఆయన సహచరులు రాసినది. లిగమెంట్ అంటే ఎముకల్ని కట్టి ఉంచే తాడు మాత్రమే కాదు, కీలు ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే నరాల చివర్లు కూడా అందులో ఉంటాయి. అది చిరిగినప్పుడు ఆ కబురు కూడా దెబ్బతింటుంది. పాదం లోపలికి వాలుతోందని తెలిసి, కాలి బయటివైపు కండరాలు లాగి ఆపేలోపు ఆలస్యం అయిపోతుంది. నొప్పి పోవడం వేరు, ఈ కబురు మళ్లీ వేళకి అందడం వేరు. మొదటిసారి బెణికినవాళ్లలో ఏడాది తర్వాత కూడా పదిమందిలో నలుగురి దాకా ఏదో ఒక ఇబ్బందితో ఉంటారని పరిశోధనలు చూపించాయి. "బెణుకే కదా" అని వదిలేసే గాయం ఇది!

రెండోసారి నేను ప్లాన్ అంతా అంకెల మీద కట్టాను. గోడకి ఎదురుగా నిలబడి మడమ లేపకుండా మోకాలు గోడకి తాకించడం, బొటనవేలికీ గోడకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లో రెండు కాళ్లకీ కొలవడం. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని మూడు దిక్కుల్లో ఎంత దూరం చాపగలడో చూడడం. ఒంటికాలి మీద ఎన్నిసార్లు మడమ లేపగలడో లెక్కపెట్టడం. తర్వాత గెంతడం, ఒక్కసారిగా పక్కకి దిశ మారుస్తూ పరిగెత్తడం, గాల్లో ఉండగా భుజం మీద మెల్లగా తోసినా నిలదొక్కుకుని దిగడం. మొదటి రెండు వారాలు వాడికి విసుగొచ్చేసింది, ఊరికే ఒంటికాలి మీద నిలబడడం ఎవరికి ఇష్టం? బంతి చేతికిచ్చి, నిలబడి పాస్ చేయమన్నాక మారాడు. రీహాబ్‌లో ఆటని ఎంత త్వరగా లోపలికి తెస్తే అంత మంచిదని అప్పుడే అర్థమైంది. మ్యాచ్‌లకి చీలమండకి బ్రేస్ (ఆసరాగా ఉండే పట్టీ) కూడా పెట్టించాం, ఇదివరకు బెణికిన కాలికి అది పనికొస్తుంది.

కోర్సు గురించి అడిగేవాళ్లకి: అనాటమీ భారంగా ఉంటుంది, కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో నిద్రలో లేపినా చెప్పాలి. ఎమర్జెన్సీ శిక్షణని చిన్నచూపు చూడకండి. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కడం), ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే యంత్రం), వడదెబ్బకి ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రికి తరలించడం, ఇవి రోజూ రావు గానీ వచ్చిన రోజు వేరే ఏదీ లెక్కలోకి రాదు. చదువు పేరు దేశాన్ని బట్టి మారుతుంది, కెనడాలో అథ్లెటిక్ థెరపీ, అమెరికాలో అథ్లెటిక్ ట్రైనింగ్ అంటారు, అమెరికాలో ఇప్పుడది మాస్టర్స్ స్థాయి. చేరేముందు మీ దగ్గర ఆ డిగ్రీకి గుర్తింపు, లైసెన్సు ఎలా ఉన్నాయో కనుక్కోండి.

తొమ్మిదో వారం ఆ కుర్రాడు కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. నేను పైకి లెక్కపెడుతున్నాను, ముప్పై దగ్గర కళ్లు తెరిచి "ఇంకానా అక్కా?" అన్నాడు. ఆ రోజు రిపోర్టులో మొదటి లైన్ ఆ ముప్పై. నొప్పి లేదన్న మాట రెండో లైన్‌లో రాశాను.