గడియారంలో సెల్లు

తొమ్మిది రోజులుగా ఇంట్లో ఒకటే గొడవ. గొడవంటే నాకొక్కదానికే. మిగతా ఇద్దరికీ తేడా వినబడనే లేదు, అదే నా బాధ.

మా నాన్న చేయించిన స్పీకర్ బాక్సుల గురించే, ఇంకేముంటుంది. మొన్న వూఫర్ల, అంటే కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్ల, ఎడ్జ్ పోయిందని రాశాను కదా. కాగితం కోన్ చుట్టూ ఉండే నల్ల ఫోమ్, వేలు తగిలితే చాలు పొడిపొడిగా రాలింది. ఫోమ్‌కి ఎక్కడైనా అదే గతి, మన ఉక్కకి ఇంకాస్త ముందే. మా విజయనగరం గంటస్తంభం దగ్గరి మెకానిక్కు రబ్బరు ఎడ్జ్ వేసి, రెండింటికీ కలిపి 1400 తీసుకున్నాడు. తెచ్చి తగిలించాం.

పాట వస్తోంది. గట్టిగానే వస్తోంది. కానీ మృదంగానికి తొప్పి లేదు, అదే, ఎడమ చేతి వైపు బరువుగా మోగేది, కుడి చెయ్యి ఒక్కటే వాయిస్తున్నట్టుంది. పాడే మనిషి రెండు బాక్సుల మధ్య కూర్చున్నట్టు వినబడాలి కదా, ఆవిడ ఎక్కడుందో తెలియదు. ఓసారి కిటికీ దగ్గర, ఓసారి నా వీపు వెనక.

మా ఆయన "బానే ఉందే" అన్నారు. ఆయనకి వార్తలు వినబడితే బానే ఉన్నట్టు. చిన్నోడు చెవిలోంచి ఆ తెల్ల మొగ్గలు తియ్యకుండానే "బాస్ పెంచుకో అమ్మా" అన్నాడు. పెంచాను. బాస్ రాలేదు కానీ షోకేసులో గ్లాసులు గలగలమన్నాయి.

మెకానిక్కుకి ఫోన్ చేశాను. "కొత్త ఎడ్జ్ కదమ్మా, నాలుగు రోజులు వాడండి, లూజవుద్ది" అన్నాడు. అది కొంతవరకు నిజమే, కాదనను. "అది కాదు బాబూ, రెండూ ఒకదానికొకటి ఎదురు కొడుతున్నాయేమో, లోపల వైరు తిరగేశావా?" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "ఓసారి సార్‌కి ఫోనివ్వండమ్మా" అన్నాడు.

సార్‌కి! మా సార్‌కి వూఫరేదో, పైస్వరాలు పలికే ట్వీటరేదో తెలీదు. చిన్నదే బేబీ స్పీకర్ అనుకుంటారు. ఆ సార్ ఫోన్ తీసుకుని "ఆఁ... ఆఁ... సరే సరే" అని పెట్టేశారు. ఏం చెప్పాడంటే "వాడితే సరిపోద్దంట" అన్నారు. నాకు చెప్పిన మాటే! ఆ రాత్రి పులుసులో ఉప్పెక్కువైంది. కావాలని చెయ్యలేదు, అలా అయింది.

అప్పట్నుంచీ నాన్నే గుర్తొస్తున్నాడు. ఆరో తరగతిలో ఉన్నానేమో. పాడైపోయిన రేడియోలోంచి తీసిన స్పీకరొకటి చేతిలో పట్టుకుని, ట్రాన్సిస్టర్‌కి వైరు కలిపి "ఇటు రాయే, ఇను" అన్నాడు. విశాఖ కేంద్రం వస్తోంది. దోమ పాడినట్టు కీచుమంటోంది పాట. పాత క్యాలెండర్ అట్టకి మధ్యలో గుండ్రంగా కంత కోసి, దాని వెనక స్పీకర్ పెట్టి పట్టుకున్నాడు. అంతే, దోమ కాస్తా మనిషైపోయింది. అట్ట తీస్తే దోమ, పెడితే మనిషి. పదిసార్లు తీయించి పెట్టించాను. "కోన్ ముందుకి తోస్తే ఎనకన గాలి లాగీసుకుంటాది. ముందు గాలి, ఎనక గాలి అంచు చుట్టూ తిరిగొచ్చి కలిసిపోతే ఇంకేటుంటాది? అందుకే అడ్డు కట్టాల" అన్నాడు. ఇప్పటికీ నాకు తెలిసిన ఫిజిక్స్ అదొక్కటే.

అక్కడితో ఆగితే నాన్నెందుకవుతాడు. అట్ట కంటే కుండ మేలని అమ్మ తరవాణి కుండ మీద కన్ను వేశాడు. అమ్మ గుడి నుంచి వచ్చేసరికి కుండ మూతికి స్పీకరు, పక్కన కంత, కంతలోంచి వైరు. తరవాణి గిన్నెలో ఉంది. అమ్మ ఏమందో రాయను. ఆ కుండ శబ్దం ఎంత గొప్పగా ఉండేదో ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను, ఇక్కడ కూడా రెండుసార్లు రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే అబద్ధం. ఏ పాటైనా ఒకటే "బుమ్, బుమ్". కుండకి తన సొంత శ్రుతి ఒకటుంటుంది, మూతి దగ్గర ఊదితే వచ్చేదే, అక్కడికి రాగానే అదే మోగేది. నాన్నే అన్నాడు, "పాట కాదే ఇది, కుండ పాడతంది" అని. ఆ తర్వాతే వడ్రంగి చేత ఈ ప్లైవుడ్ బాక్సులు చేయించి, లోపల పాత దిండు విప్పి బూరుగు దూది కూరాడు.

సరే, ఈ రాత్రి సంగతి. ఇద్దరూ పడుకున్నాక మెకానిక్కు తప్పు పట్టుకుందామని కూర్చున్నాను. గోడ గడియారంలో సెల్లు పీకాను. ఒకటిన్నర వోల్టు, కోన్‌కి ఏమీ కాదు. బాక్సు వెనక వైర్లు పీకేసి, సెల్లు ప్లస్సు ఎర్ర పిన్నుకి, మైనస్సు నల్లదానికి ఓ క్షణం తగిలిస్తే కోన్ టక్కున కదులుతుంది. నాన్న నేర్పిన పరీక్షే. ఎడమది బయటికి వచ్చింది. ఇప్పుడు కుడిది లోపలికి వెళ్ళాలి, రేపు పొద్దున్నే ఫోన్ చేసి ఏమనాలో కూడా తయారు చేసుకున్నాను.

కుడిదీ బయటికే వచ్చింది.

ఇంకోసారి చేశాను. బయటికే. వేలు ఆనించి చూశాను, రబ్బరు అంచు చుట్టూ సమానంగా మెత్తగా ఉంది. శుభ్రంగా చేశాడు మహానుభావుడు. అప్పుడు యాంప్లిఫయర్ వెనక టార్చి వేసి చూశాను. రెండు పోగుల వైరులో ఒక పోగు మీద సన్నటి గీతుంటుంది కదా, ఎడమ బాక్సుకి ఆ గీత ఎర్రదానికి వెళ్ళింది, కుడి బాక్సుకి నల్లదానికి. పైన "తగిలించాం" అని రాశాను. తగిలించింది నేను. కళ్ళజోడు లేకుండా, పొయ్యి మీద పప్పు పెట్టి.

అందుకే తొప్పి పోయింది. తొప్పి లాంటి కింది స్వరాల అలలు మీటర్ల పొడుగు. 50 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 50 సార్లు ఊగే స్వరానికి, దాదాపు 7 మీటర్లు. మా బాక్సుల మధ్య దూరం రెండు మీటర్లు కూడా లేదు. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంటే అవి ఎక్కడికక్కడ కొట్టుకుపోతాయి. పైస్వరాల అలలు పొట్టివి, అంత తేలిగ్గా పోవు, కాబట్టి పాట ఉన్నట్టే ఉంటుంది. నాన్న అట్ట కథే, నాకు తట్టలేదు.

వైరు తిప్పి, చిన్నగా పెట్టుకుని విన్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, పాత రికార్డు, అంతా ఒరిపిడి శబ్దం. ఆయన 1919లో మన సంగీత కళాశాలకి వయొలిన్ చెప్పడానికి వచ్చారట, నాన్న ఆ సంగతి మా పక్కింటాయనే అన్నట్టు చెప్పేవాడు. వయొలిన్ సరిగ్గా మధ్యలో, టీవీ ఉన్న చోట. బావుంది.

మెకానిక్కుకి చెప్పాలా? "సార్‌కి ఫోనివ్వండి" అన్న మాట మాత్రం అన్నాడు కదా, అది అలాగే ఉంది. మా ఆయనకైతే చెప్పను. వాడితే సరిపోయిందనుకుంటారు, అనుకోనీ.

టైమెంతైందా అని తలెత్తి చూస్తే పదీ ఇరవై. చాలాసేపట్నుంచీ పదీ ఇరవయ్యే. సెల్లు ఇంకా నా ఒళ్ళోనే ఉంది.