సీటీసీలో బేరం

మా ట్యాక్స్ ఆఫీసుకి రీఫర్బిష్డ్ (వాడినవి బాగుచేసి అమ్మే) కంప్యూటర్ల కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లాం. ముందు చూపించినవి ఇంటెల్ ఆరో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్నవి. చవకే, కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కేమో ఇవి పనికిరావు. క్లయింట్ల పాన్ వివరాలుండే మెషీన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు లేకపోతే ఎలా? విండోస్ 11 నడిచే ఎనిమిదో తరం, ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజ్) ఉన్నవే తీయించాం.

"వారంటీ ఉంది సార్" అంటాడు కుర్రాడు. కంపెనీదా, షాపుదా? రిపేరుకి మనిషొస్తాడా, మనమే సీపీయూ మోసుకురావాలా? అక్కడ మాత్రం నసుగుడే! చివరికి షాపు వారంటీని సీరియల్ నంబర్లతో సహా బిల్లు మీదే రాయించాం. రిటర్నులు ఫైల్ చేసే మెషీన్ ఒక్కటే కొత్తది, ఆన్‌సైట్ వారంటీతో. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ, 19న అది మొరాయిస్తే ఆటోలో సీటీసీకి పరిగెత్తే ఓపిక మాకు లేదు.