తేదీ మీద స్టిక్కర్

తెనాలిలో మాది చిన్న ప్రెస్సు. ఒక మినీ ఆఫ్‌సెట్ మిషన్, ఒక స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, ఒక కటింగ్ మిషన్. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు ఉంటాయి గానీ ఏడాదంతా మమ్మల్ని బతికించేది శుభలేఖలే.

2020 మార్చి 25, సరిగ్గా ఉగాది నాడు లాక్‌డౌన్ మొదలైంది. ఆ రోజుకి నా బల్ల మీద నాలుగు పెళ్లిళ్ల కార్డులు కట్టలు కట్టి ఉన్నాయి. అన్నీ ఏప్రిల్ ముహూర్తాలే. ఒక్కరూ తీసుకెళ్లలేదు.

మే నెలలో ఒకాయన వచ్చారు. 600 కార్డులు, 8,400 బిల్లు, 3,000 అడ్వాన్సు. "ముహూర్తం మారిందండీ, 50 మందికి మించకూడదంటున్నారు, ఇన్ని ఏం చేసుకోను?" అని గుమ్మంలోనే నిలబడిపోయారు. బాకీ అడగడానికి నాకు నోరు రాలేదు. కొత్త తేదీతో స్టిక్కర్లు వేసి, నేనూ మా ఆవిడా కూర్చుని 50 కార్డులకు అంటించాం. స్టిక్కర్ కొంచెం చిన్నదైంది. పాత 'శుక్రవారం' తలకట్టు పైకి తొంగిచూస్తూనే ఉంది. ఆయన చూశారు, ఏమీ అనలేదు.

అంతకుముందు అడ్వాన్సంటే ఎంతిస్తే అంత. ఇప్పుడు ఖాళీ కార్డుల (పేర్లు అచ్చువేయని కార్డుల) ఖరీదు, అచ్చు ప్లేటు ఖర్చు పూర్తిగా చేతికొస్తేనే నమూనా ప్రూఫ్ తీస్తాను. బంధువులైనా అంతే. ఇద్దరు బావమరుదులకు కోపమొచ్చింది, రానీ.

అసలు దెబ్బ కార్డుల ర్యాకులో ఉంది. జనవరిలో డీలరు పది శాతం తగ్గిస్తానంటే సీజన్ కదా అని రెండు లక్షల సరుకు ఒకేసారి దించాను. 20 వేలు మిగిలాయని సంబరపడ్డాను. మార్చి చివరికి కరెంటు బిల్లు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదు, ర్యాకు నిండా ఖాళీ కార్డుల మీద బంగారు రంగు గణపతులున్నారు.

అప్పుడే మారటోరియం, అంటే లోను వాయిదాలు కొన్నాళ్లు కట్టక్కర్లేదు అన్నారు. మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు దాకా. మిషన్ మీద నాలుగు లక్షల లోను, 11 శాతం వడ్డీ. కట్టక్కర్లేదంటే ఊపిరి పీల్చుకున్నాను. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదని తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే తెలిసింది. అసలుకు 22 వేల పైచిలుకు కలిసింది. వడ్డీ మీద వడ్డీని ప్రభుత్వం వెనక్కిస్తుందన్నప్పుడు ఆశపడ్డాను. నవంబరులో పడ్డది ఐదొందల చిల్లర! ఆ ఆరు నెలల్లో నెలకు వడ్డీ మటుకైనా కట్టగలిగేవాణ్ణి. ఎవరూ వద్దనలేదు, నేనే అడగలేదు.

సడలింపులొచ్చి నాలుగు ఆర్డర్లు కదిలాయనుకునేలోపు సెప్టెంబరు 18 నుంచి అధిక ఆశ్వయుజం. నెలరోజులు ముహూర్తాల్లేవు. పంచాంగం చూసుకునే బతికేవాణ్ణి, ఆ సంగతి ముందే లెక్కలో రాసుకోవద్దూ?

మమ్మల్ని గట్టెక్కించింది ఆవకాయ. మా వీధి చివర పిన్నిగారు ఆ వేసవిలోనే పార్శిల్ పచ్చళ్లు మొదలుపెట్టారు. "వంద లేబుళ్లు వేస్తావా బాబూ?" అన్నారు. అంతకుముందు వెయ్యికి తక్కువైతే మిషన్ ఎక్కించేవాణ్ణి కాదు. వేశాను. బరువు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు. డబ్బు అప్పటికప్పుడే ఇచ్చారు. ఆవిణ్ణి చూసి మరో ఇద్దరొచ్చారు. ఆ తర్వాత 'మాస్కు లేనిదే ప్రవేశం లేదు' స్టిక్కర్లకు బజారంతా వచ్చింది.

పిన్నిగారే ఇంకో మాట అడిగారు, సీసా మెడకి కట్టే ట్యాగులు కావాలని. ర్యాకులో కార్డులు గుర్తొచ్చాయి. మందపాటి అట్ట, అంచున బంగారు గీత. అయితే మధ్యలో గణపతి. పచ్చడి సీసాకి, నూనె చేతులకి దేవుణ్ణి ఎలా కడతాం? బొమ్మ వదిలేసి చుట్టూ అంచుల్నే కోశాం. ఒక్కో కార్డుకి నాలుగు ట్యాగులు. మూడొంతుల సరుకు అలా కరిగింది. నష్టానికే, ఒప్పుకుంటాను.

మిగిలిన గణపతుల ముక్కలు ఒక బస్తా అయ్యాయి. పాత కాగితాలవాడికి వేయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు, చవితికి విగ్రహంతోపాటు నిమజ్జనం చేద్దామంది. అప్పట్నుంచి ఎన్నో వినాయక చవితులు వెళ్లిపోయాయి. బస్తా ఇంకా కటింగ్ మిషన్ కిందే ఉంది.