జలుబుకి ఆరు రోజులా మేడమ్?

ఐదు రాత్రుల తర్వాత నిన్న రాత్రి ఆరు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. పొద్దున నా నిద్ర మిషన్ తెర మీద 3.4 అని కనబడితే మా అబ్బాయికి ర్యాంకు వచ్చినంత సంబరపడ్డాను. ఆ సంబరం ఒక పక్క, నేను లెక్కలు చెప్పే బడి వాళ్ల మీద కోపం ఒక పక్క. రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు స్లీప్ ఆప్నియా ఉంది. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి కాస్త లేపుతుంది, మళ్లీ గురక మొదలు. ఊపిరి ఇలా ఆగడం, సన్నబడడం గంటకు ఎన్నిసార్లో లెక్కేసి ఏహెచ్ఐ అంటారు. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. మూడేళ్ల కిందట పరీక్ష చేస్తే నాది 42 వచ్చింది. అప్పటి నుంచి సీప్యాప్ మిషన్ పెట్టుకుని పడుకుంటున్నాను. అది గొట్టంలోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. నాది ముక్కు మీద మాత్రమే కూర్చునే చిన్న మాస్కు. మూడేళ్లుగా ఏ గొడవా లేదు.

గొడవంతా తొమ్మిదో తరగతి బి సెక్షన్ వాళ్లు అంటించిన జలుబుతో వచ్చింది.

ఆదివారం రాత్రి రెండు ముక్కు రంధ్రాలూ మూసుకుపోయాయి. మిషన్ గాలి పంపుతోంది, అది లోపలికి పోదు. గాలి కోసం నోరు తెరిస్తే మిషన్ గాలంతా నోట్లోంచి ఫుస్సుమని బయటికి, సైకిల్ ట్యూబు పంక్చరైనట్టు. రెండింటికి లేస్తే నాలుక అట్టముక్కలా ఉంది. పొద్దున తెర మీద 27. సోమవారం సీఎల్ (క్యాజువల్ లీవు) పెట్టాను. ఆవిరి, మిరియాల చారు, మా అత్తయ్య కట్టిచ్చిన వాము మూట, అన్నీ అయ్యాయి. ఆ రాత్రి విసుగొచ్చి మిషన్ తీసేసి పడుకున్నాను. ఊపిరి ఆగినప్పుడల్లా మా ఆయన తట్టి లేపారు. తెల్లారేసరికి ఇద్దరికీ నిద్ర లేదు, నాకు అదనంగా తలపోటు. మంగళవారం ఇంకో సీఎల్. రాత్రి పడక కుర్చీలో తల ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నాను. కొంచెం నయమే కానీ దాన్ని నిద్ర అనలేం.

బుధవారం పొద్దున హెచ్చెమ్ గారికి ఫోన్ చేశాను. డిసెంబరు కదా, నా సీఎల్‌లు ఆ రెండింటితో నిండుకున్నాయి. శనివారం దాకా మెడికల్ లీవు కావాలన్నాను.

"జలుబుకి మెడికల్ లీవేమిటి మేడమ్? టెన్త్ వాళ్లకి స్పెషల్ క్లాసులు నడుస్తుంటే? ఒక పారాసిటమాల్ వేసుకుని వచ్చేయండి."

"బాధ జలుబుతో కాదు సార్. ముక్కు మూసుకుంటే నా మిషన్ పనిచేయదు. మూడు రాత్రులుగా నిద్ర లేదు."

"మిషనా? ఏం మిషన్?"

ఈ మూడేళ్లలో బడిలో ఎవరికీ చెప్పలేదు. బుగ్గల మీద మాస్కు పట్టీల గుర్తులు పోవడానికి ఇంట్లోంచి బయల్దేరే ముందు చన్నీళ్లతో రుద్దుకునేదాన్ని. ఇక తప్పక, "స్లీప్ ఆప్నియా సార్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. "అంటే ఏమిటి మేడమ్, సరిగా చెప్పండి" అన్నారు. "గురక జబ్బు సార్" అన్నాను.

అవతల నవ్వులు! ఫోన్ స్పీకర్‌లో ఉంది, స్టాఫ్ రూమంతా వింటోంది. "మేడమ్ గారికి గురకా! సార్ పాపం ఎలా పడుకుంటున్నారో" అని ఒక గొంతు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆయనకి కామెర్లు వచ్చినప్పుడు ఇరవై రోజులు ఆయన క్లాసులు కూడా నేనే చెప్పాను. పేరు రాయను, చదివితే ఆయనకే తెలుస్తుంది. హెచ్చెమ్ గారు నవ్వలేదు, అది నిజం. స్పీకర్ కూడా తీయలేదు, అదీ నిజమే. "జలుబుకి శనివారం దాకానా మేడమ్" అని మళ్లీ అదే మాట.

అసలు సంగతి ఆయనకి ఎక్కలేదు. గుంటూరు నుంచి మా బడి 18 కిలోమీటర్లు, స్కూటీ మీద పోతాను. జబ్బు బయటపడక ముందు ఒకరోజు మిర్చి లారీ వెనకాల పోతూ రెప్ప వాల్చాను. కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి కంకరలో ఉంది. జలుబుతో పాఠం చెప్పగలను, గొంతు పోయినా బోర్డు మీద లెక్కలు చేయించగలను. నిద్ర లేకుండా ఆ రోడ్డెక్కను. ఇదే చెబితే, "ఆటోలో రండి" అన్నారు.

ఇక్కడ ఒక మాట అనాలి. మగవాడు గుర్రు పెడితే పాపం అలిసిపోయాడు, హాయిగా పడుకున్నాడు అంటారు. ఆడది పెడితే పెళ్లిళ్లలో నవ్వుకునే కథ. అందుకే నేను గురక దాచుకున్నాను. ఎప్పుడూ నీరసమంటే ఒకరు థైరాయిడ్ అన్నారు, ఒకరు రక్తం తక్కువన్నారు. ఆరేళ్లు ఐరన్ బిళ్లలు మింగాను. రాత్రి ఎలా పడుకుంటావమ్మా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

సరే, ఫోన్ పెట్టేశాక క్లర్కు గారు ఇంకో పిడుగు వేశారు. సీఎల్‌ని ఆనుకుని మెడికల్ లీవు పెట్టకూడదట, సోమవారం నుంచే మెడికల్ పెట్టాలట. నాలుగు రోజులు కాస్తా ఆరయ్యాయి. హెచ్చెమ్ గారి మాట కూడా "జలుబుకి ఆరు రోజులా మేడమ్" అని మారింది. పైగా సోమవారం నుంచి సర్టిఫికెట్ కావాలి.

మధ్యాహ్నం ఒక ఆసుపత్రికి వెళ్లాను. రెండు గంటలు దగ్గేవాళ్ల మధ్య కూర్చున్నాక డాక్టర్ గారు అర నిమిషం చూశారు. "జలుబు, 2 రోజులు విశ్రాంతి" అని రాశారు. ఆప్నియా సంగతి కూడా రాయండి సార్ అంటే, "దానికి సెలవెందుకమ్మా, బరువు తగ్గండి" అన్నారు, తల ఎత్తకుండా. నా బరువు 58 కిలోలు. నా కింది దవడ పుట్టుకతోనే వెనక్కి ఉంది, నాలుక వెనక చోటు తక్కువ, అదీ కారణం. లావుగా లేనివాళ్లకీ ఈ జబ్బు వస్తుందని ఆయనకి తెలియకపోతే నేనేం చేయను? మందుల షాపు అబ్బాయి ఇచ్చిన జలుబు బిళ్ల ఒకటి ఆ రాత్రి వేసుకున్నాను. మత్తుగా ఉంది, ఊపిరి మాత్రం ఇంకా ఎక్కువ ఆగింది. మిషన్ 31 చూపించింది.

గురువారం పొద్దున ఇంకోచోట ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి పాత పరీక్ష రిపోర్టు, ఫోన్‌లో మిషన్ తాలూకు గ్రాఫు పట్టుకుని వెళ్లాను. లెక్కల టీచర్ని, గ్రాఫు వివరించడం నాకు చెప్పాలా? శనివారం దాకా 3 దగ్గర పడుకున్న గీత ఆదివారం రాత్రి ఎలా లేచిందో, సోమవారం మిషన్ ఎందుకు ఖాళీగా ఉందో, తేదీలతో సహా చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, సోమవారం నుంచి శనివారం దాకా అని ఆప్నియా పేరుతో సహా రాసిచ్చారు. బిళ్లల స్ట్రిప్ చూసి చెత్తబుట్టలో పడేశారు. మత్తిచ్చే మందులు గొంతు కండరాల్ని మరింత వదులు చేస్తాయట. అందులోనే ఉన్న ఫినైలెఫ్రిన్ మింగితే ముక్కు తెరుచుకోదని 2023లో అమెరికా ఔషధ సంస్థ నిపుణుల సంఘం తేల్చేసిందని కూడా చెప్పారు. పైగా నాకు బీపీ, ఆ మందు పడదట. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమన్నారు. నీళ్లు కాచి చల్లార్చినవే ఉండాలన్నారు. రాత్రి పడుకునే ముందు ముక్కులో ఆక్సీమెటజోలిన్ చుక్కలు, మూడు రోజులే. అలవాటు చేస్తే ముక్కు ఆ మందు లేకుండా తెరుచుకోనని మొండికేస్తుందట.

అసలు మందు ఆవిడ చివర్లో చెప్పారు: ముక్కూ నోరూ రెండూ మూసే పెద్ద మాస్కు. నోటితో పీల్చినా గాలి ఒత్తిడి నిలుస్తుంది. మూడేళ్ల కిందట మిషన్ అమ్మినాయన ఇలాంటిదొకటి ఉందని కూడా చెప్పలేదు. సాయంత్రం అడిగితే "మీరు అడగలేదు కదండీ" అన్నాడు. 7,200 రూపాయలు. కొనేవాళ్లు కూర్చుని కాకుండా పడుకుని సైజు చూసుకోండి, పడుకుంటే మొహం కొలత మారుతుంది. షాపులో బల్ల మీద పడుకోవడానికి సిగ్గుపడకండి, నేను పడుకున్నాను. స్టాఫ్ రూమ్ తర్వాత ఇంకా సిగ్గేమిటి?

ఆ రాత్రి 8, నిన్న 3.4. మొదటి రాత్రి మిషన్ గాలిలో తేమ ఎక్కువ పెట్టేసరికి గొట్టంలో నీళ్లు చేరి మొహం మీద కారాయి. గొట్టాన్ని దుప్పటి లోపల పెట్టుకుంటే తగ్గింది.

సెలవు మంజూరైంది. ఆరు రోజులకి నా హాఫ్ పే (సగం జీతం) సెలవుల ఖాతాలోంచి రోజుకి రెండు చొప్పున 12 కోస్తారు. తిరిగొచ్చిన రెండు సీఎల్‌లు డిసెంబరు 31 లోపు వాడకపోతే మురిగిపోతాయి. స్పెషల్ క్లాసులు వదిలి వాడే మనిషిని కాను, ఆ సంగతి హెచ్చెమ్ గారికీ తెలుసు.

ఎడమ ముక్కు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. చుక్కల మందుకి ఈ రాత్రితో మూడు రోజులు. సీసా మా అత్తయ్యకి ఇచ్చేశాను, రేపటి నుంచి కాళ్లు పట్టుకున్నా ఇవ్వొద్దని.