సెప్ట్రాన్ డీఎస్ వాడే మూడు వారాలు, పొటాషియం సంగతి

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు పొడి దగ్గు, సాయంత్రమయ్యేసరికి కాస్త జ్వరం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం కలిసి వచ్చాయంటే జలుబు అనుకుని ఊరుకోకూడదు. నాకు న్యూమోసిస్టిస్ న్యుమోనియా, అంటే ఊపిరితిత్తులకు పట్టే ఒక ఫంగస్ జబ్బు, ఇట్లాగే మొదలైంది. స్టెతస్కోపు పెట్టి వింటే పెద్దగా శబ్దం లేదు. ఎక్స్‌రే దాదాపు మామూలుగానే ఉంది. కూర్చుని వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 95. వరండాలో అటూ ఇటూ నడిచి చూస్తే 87. ఈ జబ్బును పట్టిచ్చేది నడిచాక కనబడే అంకే, కాబట్టి డాక్టరుకు రెండూ చెప్పాలి. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తులూ అద్దానికి ఆవిరి పట్టినట్టు మసకగా కనబడ్డాయి.

ఇది ఫంగస్సే అయినా ఫ్లూకొనజోల్ లాంటి మామూలు ఫంగస్ మందులకు లొంగదు. ఆ మందులు దెబ్బకొట్టే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం దీని పొరలో ఉండదు. దీనికి మొదటి మందు కో-ట్రైమోక్సజోల్, అంటే ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథోక్సజోల్ కలిసిన మాత్ర. మన మందుల షాపుల్లో సెప్ట్రాన్, బాక్ట్రిమ్ అంటే ఇస్తారు. బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి చేసే పరీక్ష) రిపోర్టు కోసం మందు ఆపి కూర్చోనక్కర్లేదు. మందు మొదలుపెట్టాక కూడా కొన్ని రోజులపాటు ఊపిరితిత్తులు కడిగిన నీళ్లలో ఈ క్రిమి కనబడుతుంది.

మోతాదు దగ్గర పొరపాటు జరగడానికి చోటెక్కువ. డీఎస్ (డబుల్ స్ట్రెంగ్త్) మాత్రలో ట్రైమెథోప్రిమ్ 160, సల్ఫా 800 మిల్లీగ్రాములు ఉంటాయి. మామూలు మాత్రలో సరిగ్గా అందులో సగం. కొన్ని స్ట్రిప్పుల మీద రెండూ కలిపి 960 అనో 480 అనో వేస్తారు. షాపులో డీఎస్ లేదని మామూలుది చేతిలో పెడితే, చీటీలో రాసిన లెక్కకే వేసుకుంటే, వైద్యం సగమే అందుతుంది. లెక్క ట్రైమెథోప్రిమ్ మీద కడతారు: కిలో బరువుకు రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, మూడు నాలుగు విడతలుగా, 21 రోజులు. నా బరువు 56 కిలోలు, కాబట్టి పూటకు రెండు డీఎస్ చొప్పున మూడు పూటలు, రోజుకు ఆరు మాత్రలు. కిడ్నీ పనితీరు బాగా తగ్గి క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ రక్తాన్ని వడగట్టే వేగం) 30 కంటే కిందికి పోతే మోతాదు సగానికి తగ్గిస్తారు. ఆ లెక్క నెఫ్రాలజిస్టే కట్టాలి.

తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. నీళ్లు తక్కువైతే సల్ఫా మూత్రంలో స్ఫటికాలు కడుతుంది. అనంతపురం ఎండల్లో ఒళ్లు తొందరగా ఎండిపోతుంది కాబట్టి రోజుకు ఎన్ని లీటర్లు తాగాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోవాలి.

ఇక నేను అందరికీ గట్టిగా చెప్పాలనుకునేది పొటాషియం గురించి. ట్రైమెథోప్రిమ్ కిడ్నీలో పొటాషియం బయటికి పోయే దారిని మూస్తుంది. ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించకుండా మేం వాడే టాక్రోలిమస్ కూడా పొటాషియం పెంచేదే. బీపీకి టెల్మిసార్టానో ఎనలాప్రిలో ఉంటే ఇంకాస్త పెరుగుతుంది. దానికి తోడు మా ఊళ్లో జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చేవాళ్లు చీనీకాయలు, అరటిపళ్లు, లేత టెంకాయలు లేకుండా రారు. "రెండు టెంకాయల నీళ్లన్నా తాగకపోతే ఎట్లమ్మా, నీరసం ఎట్ల పోతుంది?" అని పక్కింటి పెద్దమ్మ బతిమాలుతుంది. ఆ ప్రేమను కాదనలేం, కానీ ఆ మూడింటిలోనూ పొటాషియం ఉంది, లేత టెంకాయ నీళ్లలో మరీ ఎక్కువ. ఓఆర్ఎస్ ప్యాకెట్లో, సోడియం తక్కువని అమ్మే ఉప్పులో కూడా ఉంటుంది. "ఈ మందు అయిపోయేదాకా వద్దన్నారు పెద్దమ్మా, మజ్జిగ కూడా కొంచెమే" అని చెప్పి పండ్లు పిల్లలకు ఇచ్చేయడం నయం.

పొటాషియం పెరిగితే మనిషికి పెద్దగా తెలియదు. కాళ్లలో బలం తగ్గినట్టుంటుంది, లేదా గుండె ఒక్కసారిగా లయ తప్పుతుంది. అందుకే మొదటి వారంలో రెండు మూడు రోజులకొకసారి పొటాషియం, క్రియాటినిన్, సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించాలి. ఎక్కువగా పెరిగేది నాలుగైదు రోజులకు. పొటాషియం 5.5 దాటితే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. 6 దాటితే ఫోన్‌తో ఆగకుండా ఈసీజీకి పోవాలి. చేతికి బెల్టు గట్టిగా బిగించి, రక్తం తీసిన ట్యూబు గంటలకొద్దీ వదిలేస్తే కణాలు పగిలి పొటాషియం అబద్ధంగా పెరిగినట్టు వస్తుంది. అనుమానముంటే మళ్లీ తీయించాలి, కానీ ఆ వంకతో ఆలస్యం చేయకూడదు.

క్రియాటినిన్ కొద్దిగా పెరగడం వేరే సంగతి. ఈ మందు క్రియాటినిన్ మూత్రంలోకి పోవడాన్ని అడ్డుకుంటుంది కాబట్టి కిడ్నీ దెబ్బతినకపోయినా అంకె పెరుగుతుంది. అది కిడ్నీ తిరస్కరణా, మందు పనా అన్నది యూరియా, మూత్రం, టాక్రోలిమస్ స్థాయి చూసి డాక్టరు తేలుస్తారు. సీబీసీలో తెల్లకణాలు పడిపోతే తిరస్కరణ రాకుండా వాడే ఇంకో మందు మైకోఫెనోలేట్ తగ్గించాల్సి రావచ్చు.

మొదటి మూడు నుంచి ఐదు రోజుల్లో ఆయాసం పెరగడం ఈ జబ్బులో ఉన్నదే. చచ్చిన క్రిముల మీద ఊపిరితిత్తులు రేగుతాయి. ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటే, అంటే రక్త పరీక్షలో ఆక్సిజన్ పీడనం 70 మిల్లీమీటర్ల కిందికి పోతే (ఇది వేలి క్లిప్పు అంకె కాదు), ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ కలుపుతారు: 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఐదు రోజులు, తర్వాత రోజుకు ఒకసారి 40 ఐదు రోజులు, ఆపైన 20 చొప్పున 21వ రోజు దాకా. ఆ తర్వాత మార్పిడికి వాడే పాత మోతాదుకు వస్తారు, పూర్తిగా ఆపరు. ఈ స్టెరాయిడ్ వేసుకునే రోజుల్లో షుగర్ చూసుకుంటూ ఉండాలి. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకు సల్ఫా వల్ల షుగర్ పడిపోనూ వచ్చు.

రెండో వారంలో దద్దుర్లు రావచ్చు. దురద మాత్రమే ఉంటే డాక్టరు దురదకు మాత్ర ఇచ్చి ఈ మందు కొనసాగించవచ్చు. నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబారడం, చర్మం నొప్పితో ఊడడం మొదలైతే తర్వాతి మాత్ర వేసుకోకుండా నేరుగా క్యాజువాలిటీకి పోవాలి. మెథోట్రెక్సేట్ (కీళ్లవాతం లాంటివాటికి ఇచ్చే మందు) వాడేవాళ్లు ఈ మందును దానితో కలపకూడదు, రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ పెరుగుతుంది, అంటే రక్తం మరీ పలచబడుతుంది. సల్ఫా పడనివాళ్లకు అటోవాక్వోన్, డాప్సోన్ లాంటివి ఉన్నాయి. డాప్సోన్‌కు ముందు జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) పరీక్ష తప్పనిసరి.

21 రోజులు అయ్యాక నివారణ మోతాదు మొదలవుతుంది: రోజుకు ఒక మామూలు మాత్ర, లేదా వారానికి మూడుసార్లు ఒక్కో డీఎస్. సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకుంటే మరవరు. మార్పిడైన తొలి నెలల్లో ఈ మాత్ర వేసి తర్వాత ఆపేస్తారు. తిరస్కరణకు మళ్లీ ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు ఇది తిరిగి మొదలుపెట్టాలి. డిశ్చార్జి చీటీలో దాని పేరు లేకపోతే, బయటికి వచ్చేముందు అక్కడే అడగండి.